అర్థమయ్యేలా చెప్పాలన్న తపన: ఆచార్య సత్యేంద్రనాథ్ బోస్

భౌతికశాస్త్రం చదువుకున్నవారిలో బోసాన్ అన్న మాట వినని వారుండరు. సృష్టిలోని కణాలన్నింటినీ శాస్త్రజ్ఞులు రెండు కుటుంబాలుగా విభజించి, అందులో ఒక కుటుంబానికి ఆచార్య సత్యేంద్రనాథ్ బోస్ పేరు పెట్టారు. బ్రిటిష్ శాస్త్రవేత్త పాల్ డిరాక్ పెట్టిన పేరది. ఇంతటి గౌరవానికి మూలమైన పరిశోధన ఏ మహా ప్రయోగశాలలోనూ పుట్టలేదు. ఢాకా విశ్వవిద్యాలయంలో ఒక పాఠాన్ని విద్యార్థులకు తేటతెల్లంగా చెప్పడం కుదరక, ఒక అధ్యాపకుడు పడిన అసంతృప్తిలోంచి పుట్టింది. ఆ తరువాతి కాలంలో మాతృభాషలో విజ్ఞాన బోధన కోసం ఆయన సాగించిన సుదీర్ఘ కృషికి కూడా మూలం ఆ అసంతృప్తే. పరిశోధకుడిగా బోస్‌ను దేశం గుర్తుంచుకుంది. అధ్యాపకుడిగా ఆయన అడిగిన ప్రశ్నలను మాత్రం అంతగా పట్టించుకోలేదు.

1894 జనవరి 1వ తేదీన కలకత్తాలో బోస్ జన్మించారు. తండ్రి సురేంద్రనాథ్ రైల్వే ఉద్యోగి. తల్లి ఆమోదినీ దేవి. ఏడుగురు సంతానంలో ఆయనే పెద్దవాడు, మిగిలిన ఆరుగురూ ఆడపిల్లలు. హిందూ స్కూలులో చదివే రోజుల్లో లెక్కల ఉపాధ్యాయుడు ఆయనకు నూటికి నూటపది మార్కులు వేశారని ఒక ముచ్చట ప్రచారంలో ఉంది. కొన్ని లెక్కలను ఒకటికి మించిన పద్ధతుల్లో చేసి చూపినందుకట. ఈ ముచ్చట ఎంతవరకు నిజమైనా, ఒకే విషయాన్ని నాలుగు వైపుల నుంచి చూడాలన్న స్వభావం బోస్‌ను జీవితాంతం విడిచిపెట్టలేదు. 1909లో ప్రెసిడెన్సీ కళాశాలలో చేరారు. జగదీశ్ చంద్ర బోస్, ప్రఫుల్ల చంద్ర రాయ్ అక్కడ ఆయనకు గురువులు. మేఘనాద్ సాహా సహాధ్యాయి. 1913లో బి.ఎస్సీ., 1915లో ఎం.ఎస్సీ. పరీక్షల్లో బోస్ ప్రథమ స్థానంలో, సాహా ద్వితీయ స్థానంలో నిలిచారు.

వారు చదివింది గణితం. చెప్పవలసి వచ్చింది భౌతికశాస్త్రం. కలకత్తా విశ్వవిద్యాలయంలో అశుతోష్ ముఖర్జీ కొత్తగా నెలకొల్పిన సైన్స్ కళాశాలలో ఈ ఇద్దరు యువకులకూ ఉద్యోగాలు దొరికాయి. ఐరోపాలో ఆ సమయంలో భౌతికశాస్త్రం రూపురేఖలే మారిపోతున్నాయి. ఆ మార్పులను వివరించే పుస్తకాలు ఎక్కువగా జర్మన్ భాషలో ఉన్నాయి. మొదటి ప్రపంచ యుద్ధం మూలంగా అవి కలకత్తాకు చేరడమే గగనమైపోయింది. శిబ్‌పూర్ ఇంజినీరింగ్ కళాశాలలో పనిచేసే బ్రూల్ అనే ఆచార్యుని సొంత గ్రంథాలయం వారిని ఆదుకుంది. అక్కడి నుంచి పుస్తకాలు ఎరువు తెచ్చుకుని, భాష నేర్చుకుంటూ, విషయం నేర్చుకుంటూ, దానినే తరగతిలో బోధిస్తూ వచ్చారు. గురువు లేని ఆ చదువు బోస్‌కు ఒక విలువైన అలవాటు నేర్పింది. తనకు స్వయంగా తేలనిదేదీ ఎదుటివారికి తేల్చి చెప్పలేనని ఆయన గ్రహించారు. సాపేక్ష సిద్ధాంతంపై ఐన్‌స్టీన్, మింకోవ్‌స్కీ రాసిన పత్రాలను ఆయన, సాహా ఇంగ్లీషులోకి అనువదించారు. 1920లో కలకత్తా విశ్వవిద్యాలయం వాటిని పుస్తకంగా ప్రచురించింది.

1921లో ఢాకా విశ్వవిద్యాలయం ప్రారంభమైంది. కలకత్తా విశ్వవిద్యాలయం అప్పటికి బోధన కన్నా పరీక్షల నిర్వహణకే పేరుపడింది. వేలాది విద్యార్థులు, కంఠస్థం చేసే చదువు, పరాయి భాషలో పాఠాలు. అప్పటికి కొద్దికాలం కిందటే మైకేల్ శాడ్లర్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం ఈ లోపాలన్నింటినీ ఎత్తి చూపింది. ఢాకాలో విద్యార్థులూ అధ్యాపకులూ ఒకే ఆవరణలో ఉండే బోధనా విశ్వవిద్యాలయాన్ని నిర్మించాలన్న ఆలోచన బలపడింది. భౌతికశాస్త్ర విభాగంలో రీడరుగా బోస్ అక్కడికి వెళ్లారు. ఉష్ణగతికశాస్త్రం, విద్యుదయస్కాంత సిద్ధాంతం ఆయన చెప్పే పాఠాల్లో ముఖ్యమైనవి. కాగితం చూడకుండా, సూత్రాన్ని మొదటి నుంచి తానే నిర్మిస్తున్నట్లుగా పాఠం చెప్పేవారు.

అలా నిర్మిస్తూ పోతుండగా ఒకచోట కట్టడం నిలవలేదు. కొలిమిలో కాలే ఇనుము మొదట ఎర్రగా, ఆపైన నారింజ రంగులో, ఇంకా వేడెక్కితే తెల్లగా వెలుగుతుంది. ఏ ఉష్ణోగ్రత వద్ద ఏ రంగు వెలుగు ఎంత వస్తుందో చెప్పే సూత్రాన్ని 1900లో జర్మనీకి చెందిన మాక్స్ ప్లాంక్ కనుగొన్నారు. సూత్రం సరైనదేనని ప్రయోగాలు రుజువు చేశాయి. దానిని రాబట్టే తీరులోనే చిక్కు ఉంది. అందులో రెండు భాగాలు. మొదటిది వెలుగును ఎడతెగని తరంగంగా భావించే పాత సిద్ధాంతం నుంచి వచ్చింది. రెండవది శక్తి విడివిడి పొట్లాలుగానే ఇచ్చిపుచ్చుకోబడుతుందన్న కొత్త ఊహ. ఒకదానికొకటి పొసగని రెండు భావాలను గుణించి, సరైన సమాధానం రాబడుతున్నారన్నమాట. పరీక్షలో ఈ మెట్లన్నీ వరుసగా రాసిన విద్యార్థికి పూర్తి మార్కులు వస్తాయి. మొదటి మెట్టుకూ చివరి మెట్టుకూ పొంతన ఏమిటని అడిగిన విద్యార్థికి మాత్రం జవాబు దొరకదు. చాలామంది అధ్యాపకులు ఆ ప్రశ్న రాకుండానే పాఠం ముగించుకుని వెళ్లేవారు. బోస్‌కు అది సాధ్యపడలేదు. విద్యార్థులకు స్పష్టం చేయవలసిన బాధ్యత ఉన్నందువల్లే ఆ వైరుధ్యాలు తనను వేధించాయని చాలా ఏళ్ల తరువాత ఆయన చెప్పుకున్నారు.

1924లో ఢాకా వచ్చిన సాహాతో జరిగిన చర్చలు ఆ చిక్కుముడిని మరోసారి ముందుకు తెచ్చాయి. బోస్ పాత తరంగ సిద్ధాంతాన్ని పూర్తిగా పక్కన పెట్టారు. వెలుగును కణాల గుంపుగా మాత్రమే భావించారు. ఆ కణాలు ఉండగల స్థితులను చిన్న చిన్న గదులుగా విభజించి, ఏ గదిలో ఏ కణం ఉందని అడగకుండా, ఎన్ని కణాలున్న గదులు ఎన్ని అని మాత్రమే లెక్కించారు. ప్లాంక్ సూత్రం దానంతట అదే వచ్చి నిలిచింది.

ఈ లెక్కలోని విశేషం తెలియాలంటే రెండు నాణేలు చాలు. రెండు రూపాయి బిళ్లలను ఒకేసారి ఎగరవేస్తే రెండూ బొమ్మలే పడవచ్చు, రెండూ బొరుసులే పడవచ్చు, లేదా ఒకటి బొమ్మ, ఒకటి బొరుసు కావచ్చు. మూడు రకాల ఫలితాలున్నాయి కాబట్టి ఒక్కోదానికి మూడోవంతు అవకాశం ఉందని సంభావ్యత కొత్తగా నేర్చుకునే విద్యార్థి తరచుగా పొరబడతాడు. మొదటి నాణెం బొమ్మ, రెండోది బొరుసు కావడం వేరు, మొదటిది బొరుసు, రెండోది బొమ్మ కావడం వేరు అని అధ్యాపకుడు దిద్దుతాడు. అందువల్ల మిశ్రమ ఫలితానికి సగం అవకాశం, మిగిలిన రెండింటికీ చెరి పావు వంతు. నాణేల విషయంలో ఇదే సత్యం. వెలుగు కణాలకు మాత్రం మొదటిది, రెండోది అన్న గుర్తింపే లేదు. ఒకదాని స్థానంలో మరొకటి వచ్చిందన్న మాటకే అక్కడ అర్థం లేదు. అక్కడ మూడు ఫలితాలకూ మూడోవంతు చొప్పునే అవకాశం. నాణేల దగ్గర తప్పయిన జవాబు వెలుగు దగ్గర ఒప్పయింది. ఢాకా తరగతిలో బోస్ పొరపాటున తప్పు లెక్క వేశారనీ, అది అదృష్టవశాత్తు సరిపోయిందనీ ఒక కథ వాడుకలో ఉంది. వినడానికి ఇంపుగానే ఉన్నా, అది ఆయనకు న్యాయం చేసే కథ కాదు. ఏళ్ల తరబడి ఒక పాఠంలోని లోటును వెతికిన మనిషికి అదృష్టాన్ని ఆపాదించడం సులువే.

లండన్ నుంచి వెలువడే ఫిలసాఫికల్ మ్యాగజైన్‌కు పంపిన పత్రం అచ్చుకు నోచుకోలేదు. 1924 జూన్ 4న ముప్పయ్యేళ్ల బోస్ ఆ పత్రాన్ని నేరుగా ఐన్‌స్టీన్‌కు పంపారు. జర్మన్‌లోకి అనువదించుకునేంత ప్రావీణ్యం తనకు లేదనీ, యోగ్యమని తోస్తే ప్రచురణకు ఏర్పాటు చేయాలనీ కోరారు. ముఖపరిచయం లేకపోయినా, రచనల ద్వారా తామంతా ఆయన శిష్యులమేనన్న చనువుతో అడుగుతున్నట్లు విన్నవించారు. ఐన్‌స్టీన్ స్వయంగా జర్మన్‌లోకి అనువదించి, ఇది ఒక ముఖ్యమైన ముందడుగు అని వ్యాఖ్య జోడించి, ఆ ఏడాదే ప్రచురింపజేశారు. ఆ పద్ధతిని పదార్థ కణాలకూ విస్తరించి, అత్యంత శీతల స్థితిలో అవన్నీ ఒకే స్థితిలోకి చేరిపోతాయని ఊహించారు. ఏడు దశాబ్దాల తరువాత, 1995లో, అమెరికాలోని కొలరాడోలో రుబీడియం పరమాణువులను చల్లబరచి ఆ స్థితిని కళ్లారా చూశారు. ఆ ప్రయోగాలకు 2001లో నోబెల్ పురస్కారం లభించింది. బోస్‌కు ఆ పురస్కారం రాలేదు.

ఐన్‌స్టీన్ మెప్పుతో ఐరోపా పర్యటనకు దారి సుగమమైంది. పారిస్‌లో మేరీ క్యూరీని కలిసి, ఆమె ప్రయోగశాలలో పనిచేయాలన్న కోరికను వెల్లడించారు. ముందు కొన్ని నెలలు ఫ్రెంచి నేర్చుకుని రమ్మని ఆమె ఆదరంగా, ఇంగ్లీషులో సలహా ఇచ్చారు. బోస్‌కు అప్పటికే ఫ్రెంచి వచ్చు. ఆ మాట చెప్పడానికి ఆయనకు సందు దొరకలేదు, మధ్యలో అడ్డు తగలడానికి మర్యాద అడ్డువచ్చింది. తరగతి గదుల్లో నిత్యం జరిగేది ఇదే. పెద్దవారు ఒక అంచనాతో మాట్లాడుతూ పోతారు, శిష్యునికి నిజంగా ఏమి తెలుసో, ఏమి తెలియదో బయటపడే అవకాశమే రాదు. బెర్లిన్‌లో ఐన్‌స్టీన్‌ను కలిసి, 1926లో బోస్ స్వదేశం చేరారు. డాక్టరేటు లేకపోయినా ఐన్‌స్టీన్ సిఫారసు తోడ్పాటుతో ఢాకాలో ఆచార్య పదవి, విభాగాధిపత్యం లభించాయి.

ఆ తరువాత ఆయన పరిశోధన పత్రాల సంఖ్య పెద్దగా పెరగలేదు. మొత్తం కలిపినా పాతిక చుట్టుపక్కలే. దీనిని లోపంగా ఎంచినవారు ఉన్నారు. ఆ కాలమంతా ఆయన ఒక విభాగాన్ని నిర్మిస్తూ గడిపారు. ఎక్స్‌రే స్ఫటిక అధ్యయనానికి కావలసిన పరికరాలను స్వయంగా రూపొందించారు, విద్యార్థుల చేత కూడా పరికరాలు చేయించారు. రసాయనశాస్త్రవేత్తలకు సాయపడ్డారు. దక్షిణాది నుంచి వచ్చిన కె.ఎస్.కృష్ణన్ వంటి ప్రతిభావంతుడు 1928 నుంచి ఐదేళ్లపాటు అక్కడ పనిచేశారు. సాయంత్రం వేళల్లో బోస్ ఎస్రాజ్ వాయించేవారు. రవీంద్రనాథ్ ఠాగూర్ సామాన్యుల కోసం బెంగాలీలో రాసిన విజ్ఞాన గ్రంథం విశ్వపరిచయ్‌ను 1937లో బోస్‌కే అంకితమిచ్చారు.

1945లో ఆయన కలకత్తాకు తిరిగివచ్చారు. దేశం స్వతంత్రమైన కొద్ది నెలలకే, 1948 జనవరిలో, బంగీయ విజ్ఞాన పరిషత్తును స్థాపించారు. జ్ఞాన్ ఓ బిజ్ఞాన్ అనే మాసపత్రికను ప్రారంభించారు. భౌతికశాస్త్రాన్ని కళాశాల స్థాయిలోనూ, ఆపై స్థాయిలోనూ బెంగాలీలోనే బోధించాలన్నది ఆయన వాదం. తోటి ఆచార్యుల్లో చాలామంది దీనిని అంగీకరించలేదు. పారిభాషిక పదాలు లేవన్నారు, పుస్తకాలు లేవన్నారు. పాఠాలు మొదలైతే తప్ప పుస్తకాలు పుట్టవని బోస్ సమాధానమిచ్చారు. ఎలక్ట్రాన్ వంటి మాటలను యథాతథంగా వాడుకోవడానికి ఆయనకు అభ్యంతరం లేదు. బెంగాలీలో విజ్ఞానం చెప్పడం అసాధ్యమనేవారికి బెంగాలీ అయినా రాదు, విజ్ఞానమైనా రాదు అని ఆయన కటువుగానే తేల్చేవారు. మెత్తని స్వభావం గల బోస్ అంత గట్టిగా పలికిన సందర్భాలు అరుదు. 1963లో ఆ పత్రిక ఒక సంచికను పూర్తిగా బెంగాలీలో రాసిన మౌలిక పరిశోధన వ్యాసాలతో వెలువరించి, ఆ వాదాన్ని ఆచరణలో నిరూపించింది.

బోస్ వాదంలోని సారాన్ని తూచడానికి, ఆయన మరణానంతరం జరిగిన కొన్ని పరిశోధనలు ఉపకరిస్తాయి. అమెరికాలోని ఆరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ హెస్టనీస్ బృందం కళాశాల మొదటి ఏడాది విద్యార్థులను బలం, చలనం గురించి తేలిక మాటల్లో ప్రశ్నించింది. 1985లో ఆ ఫలితాలు వెలువడ్డాయి. 1992లో ఆ ప్రశ్నావళి మరింత మెరుగైన రూపం సంతరించుకుంది. సూత్రాలు అప్పజెప్పగలిగిన విద్యార్థులు సైతం పైకి విసిరిన బంతి మీద, చేయి వదిలాక కూడా విసిరిన బలం పనిచేస్తూనే ఉంటుందని నమ్ముతున్నారు. లారీ, కారు ఢీకొంటే లారీయే కారును ఎక్కువ బలంతో తోస్తుందని నమ్ముతున్నారు. న్యూటన్ మూడో నియమం వారికి నోటికి వచ్చు. హార్వర్డ్ ఆచార్యుడు ఎరిక్ మజూర్ ఈ సంగతి చదివి, తన విద్యార్థులకు ఇలాంటి దుస్థితి ఉండదన్న ధీమాతో వారినీ పరీక్షించారు. అక్కడా అదే కథ. కఠినమైన లెక్కలు అవలీలగా చేసేవారు తేలిక ప్రశ్న దగ్గర తడబడ్డారు. వీరంతా సొంత భాషలోనే చదువుకున్నవారన్నది గమనించదగినది. మాతృభాష ఒక్కటే అపోహలను తొలగించదన్నమాట.

అలాగని బోస్ వాదం వీగిపోలేదు. అపోహను తొలగించాలంటే ముందు అది బయటపడాలి. తెలుగు విద్యార్థినే తీసుకుంటే, ఒంట్లో బలం లేదన్నా, ఒంట్లో శక్తి లేదన్నా ఇంట్లో ఒకటే అర్థం. భౌతికశాస్త్రంలో బలం వేరు, శక్తి వేరు, సామర్థ్యం మరీ వేరు. నెత్తిన మూటతో కదలకుండా నిలబడి చెమటలు కక్కుతున్న హమాలీ ఆ మూట మీద ఏ పనీ చేయడం లేదని శాస్త్రం చెబుతుంది. పని నిర్వచనాన్ని ఇంగ్లీషులో బట్టీపట్టిన విద్యార్థికి ఇందులో అన్యాయం కనిపించదు, అప్పజెప్పి ముందుకు సాగిపోతాడు. పని అన్న మాట తెలుగులో విన్నవాడు మాత్రం ఉలిక్కిపడి, అదెలా కుదురుతుందని నిలదీస్తాడు. ఇంగ్లీషు పిల్లవానికి వర్క్ అన్న మాట దగ్గర వచ్చే ఇబ్బందే ఇది. పరాయి భాషలో చదివేవానికి ఆ ఇబ్బంది లేకపోవడం వరంలా కనిపిస్తుంది, నిజానికి అపోహ చెక్కుచెదరకుండా లోపలే ఉండిపోతుంది.

పి.వి.నరసింహారావు అధ్యక్షుడిగా 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ ఇంటర్మీడియట్, డిగ్రీ తరగతులకు తెలుగులో భౌతికశాస్త్ర పుస్తకాలు తెచ్చి, గ్రామీణ ప్రాంతాల నుంచి వచ్చిన విద్యార్థులకు ఎంతో మేలు చేసింది. ధ్రువణం, వివర్తనం, ద్రవ్యవేగం వంటి మాటలు మాత్రం ఆ విద్యార్థికి ఇంగ్లీషు కన్నా దగ్గరివి కాలేకపోయాయి. పదాన్ని మార్చడంతో పని పూర్తయిందనుకునే ధోరణి బోస్‌కు సమ్మతం కాదు. మాట ఏదైనా, దాని చుట్టూ సంభాషణ తెలిసిన భాషలో జరగాలన్నది ఆయన పట్టుదల.

ఉన్నత విద్యలోనూ ప్రాంతీయ భాషలనే బోధనా మాధ్యమం చేయాలని 1964-66 నాటి విద్యా సంఘం సిఫారసు చేసింది. దానికి అధ్యక్షత వహించిన డి.ఎస్.కొఠారీ కూడా భౌతికశాస్త్రవేత్తే, అలహాబాద్‌లో మేఘనాద్ సాహాకు శిష్యుడు. అంతకు ముందే, 1962లో, బోస్ జపాన్ వెళ్లారు. అక్కడి శాస్త్రజ్ఞులు ఎంతటి క్లిష్టమైన విషయాన్నైనా జపనీస్‌లోనే చర్చించుకోవడం చూసి ఆనందించి, తిరిగివచ్చాక సభల్లో ఆ అనుభవాన్ని పంచుకున్నారు. ఆయన పాతికేళ్లు గడిపిన ఢాకా విశ్వవిద్యాలయ ప్రాంగణం 1952 ఫిబ్రవరిలో బెంగాలీ భాష కోసం విద్యార్థులు నెత్తురు చిందించిన ఉద్యమానికి వేదికైంది. అప్పటికి ఆ నగరం మరో దేశంలో ఉంది.

పదవులు, గౌరవాలు వాటంతట అవే వచ్చాయి. 1952 నుంచి రాజ్యసభ సభ్యుడిగా ఉన్నారు. 1954లో పద్మవిభూషణ్, 1958లో రాయల్ సొసైటీ సభ్యత్వం లభించాయి. విశ్వభారతి ఉపకులపతిగా విజ్ఞానశాస్త్రాలకు చోటు కల్పించబోయి కొంత ప్రతిఘటన ఎదుర్కొని, జాతీయ ఆచార్య పదవి రావడంతో అక్కడి నుంచి తప్పుకున్నారు. డిరాక్ దంపతులు కలకత్తా వచ్చినప్పుడు వారిని కారు వెనుక సీటులో కూర్చోబెట్టి, తాను ముందు సీటులో మరికొందరు విద్యార్థులను ఇరికించారట. ఇరుకు కాదా అని డిరాక్ అడిగితే, తాము బోస్ గణాంకాలను నమ్మేవారమని నవ్వుతూ బదులిచ్చారట. ఒకే గదిలో ఎన్ని కణాలైనా ఇమిడిపోతాయన్న తన సిద్ధాంతాన్ని ఇంత తేలికగా విప్పి చెప్పిన మరో సందర్భం లేదు.

1974 జనవరిలో ఎనభయ్యో పుట్టినరోజునూ, తన గణాంక పద్ధతి స్వర్ణోత్సవాన్నీ కలిపి జరిపిన వేడుకల్లో దేశవిదేశాల శాస్త్రజ్ఞుల నడుమ బోస్ పాల్గొన్నారు. ఫిబ్రవరి 4న కలకత్తాలో కన్నుమూశారు.